మాటిమాటికీ తిరగబెట్టే మూత్రాశయ ఇన్ఫెక్షన్: మూలికలతో ఎంతవరకు నెట్టుకురావచ్చు?

నిద్రలేనిరాత్రి (సోమవారం, తెల్లవారుజాము 2.10)

సభ్యులందరికీ నమస్కారం. గత 7 నెలల్లో నాకు మూత్రాశయ ఇన్ఫెక్షన్ రావడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ నైట్రోఫ్యూరాంటాయిన్ అనే ఒకే యాంటీబయాటిక్ మందును ఐదేసి రోజుల చొప్పున వాడాను. ప్రతిసారీ మూడో రోజుకు మంట కొంత నెమ్మదించేది, కోర్సు ముగిసిన రెండు మూడు వారాలకు మళ్ళీ మొదటికి వచ్చేది. ప్రస్తుతం గంటకు మూడుసార్లు లేస్తున్నాను. లేచిన ప్రతిసారీ వచ్చేవి నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకే పళ్ళు బిగపట్టి గోడ పట్టుకోవలసి వస్తోంది. జ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి లేవు. నా వయసు 41. గర్భవతిని కాను, మధుమేహం లేదు.

యాంటీబయాటిక్ మాత్రల మీద నాకు నమ్మకం సన్నగిల్లింది. క్రాన్‌బెర్రీ, డి-మానోస్, ఉవా ఉర్సి ఆకు, పల్లేరు కాయల కషాయం, వంటసోడా అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. వీటిలో నిజంగా పనిచేసేది ఏది? వాడి చూసినవారు, ఈ విషయం చదివి తెలుసుకున్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

చెట్టునీడ (సోమవారం, ఉదయం 6.35)

మీ బాధ నాకు కొత్త కాదు, ఆరేళ్ళ క్రితం నేనూ అక్కడే ఉన్నాను. యాంటీబయాటిక్ చెడ్డ క్రిములతోపాటు మనకు కాపలా కాసే లాక్టోబాసిల్లస్ వంటి మంచి క్రిములను కూడా తుడిచిపెడుతుంది. కాపలా లేని ఇంటికి దొంగ మళ్ళీ రావడంలో వింతేముంది? నేను క్రాన్‌బెర్రీ గుళికలు, రోజుకు 2 గ్రాముల డి-మానోస్ పొడి మొదలుపెట్టి, నీళ్ళు బాగా పెంచాను. అప్పటికి ఏడాదికి ఐదుసార్లు వచ్చేది, తరవాతి రెండేళ్ళలో ఒక్కసారే వచ్చింది. తరతరాలుగా మనుషులు వాడుతూ వచ్చిన వాటిని చిట్కాలని కొట్టిపారేయడం తగదని నా అభిప్రాయం.

చదువరి (సోమవారం, ఉదయం 9.20)

చెట్టునీడ గారి అనుభవాన్ని కాదనను. అయితే నిద్రలేనిరాత్రి గారి ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి, ముందు వాటిని విడదీయాలి. ఇప్పుడు మండుతున్న ఇన్ఫెక్షన్‌ను తగ్గించేది ఏది అన్నది మొదటిది, తగ్గాక మళ్ళీ రాకుండా ఆపేది ఏది అన్నది రెండోది. మూలికల గురించి మనం వినే మంచి మాటల్లో అధికభాగం రెండో ప్రశ్నకు సంబంధించినవి. వాటిని తెచ్చి మొదటి ప్రశ్నకు జవాబుగా పెట్టడం వల్లనే చాలామంది దెబ్బతింటున్నారు.

క్రాన్‌బెర్రీ సంగతి చూద్దాం. ఈ పండు మూత్రాన్ని ఆమ్లంగా మార్చి క్రిములను చంపుతుందని ఒకప్పుడు నమ్మేవారు, కాని ఆ లెక్క నిలవలేదు. ఎందుకంటే మనిషి తాగగలిగినంత రసంతో మూత్రం అంత ఆమ్లంగా మారదు. తరవాత తేలిందేమంటే, ఈ పండులోని ఎ-రకం ప్రోయాంథోసయనిడిన్లు అనే పదార్థాలు, ఈ ఇన్ఫెక్షన్‌కు తరచుగా కారణమయ్యే ఈ. కోలి క్రిములను మూత్రాశయపు గోడకు అతుక్కోనివ్వవు. అవి క్రిమిని చంపవు, అతుక్కోవడానికి మాత్రం అడ్డుపడతాయి. ఇప్పటికే అతుక్కుని గోడ కణాల లోపలికి దూరిన క్రిమిని అవి ఏమీ చేయలేవు. అందుకే ఇది నివారణకు పనికివచ్చినట్టుగా చికిత్సకు పనికిరాదు.

అధ్యయనాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2012లో క్రాన్‌బెర్రీ వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదన్నది. అదే సంస్థ 2023లో 50 అధ్యయనాలను, 8,857 మందిని లెక్కలోకి తీసుకుని అభిప్రాయాన్ని మార్చుకున్నది. ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే స్త్రీలలో సుమారు 26 శాతం, పిల్లలలో సుమారు 54 శాతం ముప్పు తగ్గుతుందని తేల్చింది. వృద్ధాశ్రమాలలో ఉండేవారికి, గర్భవతులకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారికి మాత్రం మేలు కనబడలేదు. 26 శాతం అంటే ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది మూడుసార్లకు దిగడమన్న మాట. అది చిన్న విషయమేమీ కాదు, అలాగని అద్భుతమూ కాదు. రసం తాగేవారు అందులోని చక్కెరను కూడా గమనించాలి. గుళికలు కొనేవారు పెట్టె మీద ప్రోయాంథోసయనిడిన్ల మోతాదు రాసి ఉందో లేదో చూసుకోవాలి, పరీక్షలలో తరచుగా వాడిన మోతాదు రోజుకు 36 మిల్లీగ్రాములు.

డి-మానోస్ కథ ఇంతకంటే ఆసక్తికరంగా ఉంటుంది. ఈ. కోలి ఒంటి మీద సన్నని నూలుపోగుల్లాంటి కేశాలు ఉంటాయి. వాటి కొనలో ఉండే ఫిమ్-హెచ్ అనే ప్రోటీన్ మూత్రాశయపు గోడ మీది మానోస్ చక్కెరను పట్టుకుని వేలాడుతుంది. మూత్రంలోనే మానోస్ ఉంటే క్రిమి గోడకు బదులు దాన్ని పట్టుకుని బయటికి కొట్టుకుపోతుందన్నది ఆలోచన. 2014లో వెలువడిన క్రొయేషియా అధ్యయనంలో 308 మంది స్త్రీలను మూడు వర్గాలుగా చేసి 6 నెలలు గమనించారు. ఏమీ వాడనివారిలో సుమారు 60 శాతం మందికి, నైట్రోఫ్యూరాంటాయిన్ వాడినవారిలో సుమారు 20 శాతం మందికి, డి-మానోస్ వాడినవారిలో సుమారు 15 శాతం మందికి మాత్రమే ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది. ఈ వార్త నలుమూలలా పాకింది. కాని ఆ పరీక్షలో ఉత్తుత్తి మందు లేదు, ఎవరు ఏమి వాడుతున్నారో అందరికీ తెలుసు. 2024లో బ్రిటన్‌లో 598 మందికి ఎవరికి ఏది అందుతున్నదో తెలియకుండా, సగం మందికి రోజుకు 2 గ్రాముల డి-మానోస్, సగం మందికి ఫ్రక్టోస్ చక్కెర 6 నెలలపాటు ఇచ్చారు. డి-మానోస్ వారిలో 51 శాతం, చక్కెర వారిలో 55.7 శాతం మంది ఇన్ఫెక్షన్ అనుమానంతో మళ్ళీ వైద్యుల దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది. ఆ కొద్దిపాటి తేడాను యాదృచ్ఛికమనే లెక్కించారు.

చెట్టునీడ (సోమవారం, ఉదయం 10.05)

అంకెలు బాగున్నాయి. అయితే చవకగా దొరికే ఆకులు, పండ్ల మీద పెద్ద పరీక్షలు చేయించడానికి ఎవరు ముందుకు వస్తారు? పరీక్ష జరగనంత మాత్రాన పని జరగనట్టు కాదు కదా. పైగా నాకు తగ్గింది. దాన్ని ఏమంటారు?

చదువరి (సోమవారం, ఉదయం 10.50)

మీ మొదటి మాటతో నేను ఏకీభవిస్తాను. పల్లేరు కాయల విషయంలో జరిగింది అదే. మూత్రం సాఫీగా జారీ చేస్తుందన్న పేరు దానికి అనాదిగా ఉన్నా, ఈ ఇన్ఫెక్షన్ మీద దాన్ని నిగ్గుతేల్చిన పెద్ద పరీక్ష ఏదీ నా కంటబడలేదు. కనుక దాని గురించి మంచీ చెడూ చెప్పను.

మీ రెండో మాట విషయంలో ఒక సంగతి గుర్తుచేస్తాను. ఆరోగ్యవంతులైన స్త్రీలలో సాధారణ మూత్రాశయ ఇన్ఫెక్షన్ ఏ మందూ లేకుండానే నూటికి 25 నుంచి 40 మందిలో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఎవరు ఏది మింగితే ఆ పేరు దానికే దక్కుతుంది. అదీగాక, మీరు నీళ్ళు కూడా పెంచానన్నారు. రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే అలవాటున్న 140 మంది స్త్రీల మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, సగం మందిని అదనంగా మరో లీటరున్నర నీళ్ళు తాగమన్నారు. ఏడాది చివరికి వారికి సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, పాత అలవాటులోనే ఉన్నవారికి 3.2 సార్లు వచ్చింది. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది నీళ్ళ సీసాలమ్మే కంపెనీయే అన్న సంగతి కూడా చెప్పడం న్యాయం. అయినా మీ చికిత్సలో నిజంగా పనిచేసింది గ్లాసులోని నీళ్ళే కావచ్చునని నా అనుమానం.

ఔషధశాల (సోమవారం, మధ్యాహ్నం 1.15)

నేను ఫార్మసిస్టును. నా బల్ల ముందు నిలబడి ఈ ప్రశ్న వేసేవారు వారానికి ఇద్దరైనా ఉంటారు. ఉవా ఉర్సి, వంటసోడా గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను.

ఉవా ఉర్సి ఆకులో ఉండే ఆర్బుటిన్ శరీరంలో మారి హైడ్రోక్వినోన్‌గా మూత్రంలోకి చేరుతుంది. ఈ పదార్థం క్రిములను నిజంగానే చంపగలదు, ఆ లెక్కన పేర్కొన్న వాటన్నిటిలోనూ ఇదొక్కటే అసలైన మందు అనిపించుకోదగ్గది. చంపగలిగే శక్తి ఉన్నది కనుకనే జాగ్రత్త కూడా కావాలి. వారానికి మించి వాడకూడదని ఐరోపా ఔషధ సంస్థ నిర్దేశించింది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీని జోలికి పోకూడదు. వాడేటప్పుడు మూత్రం ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి మారితే కంగారుపడనక్కరలేదు.

వంటసోడాను మాత్రం నేను గట్టిగా వద్దంటాను. మూత్రంలో ఆమ్లం తగ్గి మంట కాస్త ఉపశమించినట్టు అనిపించవచ్చు, కాని చెంచాలకు చెంచాలు సోడా మింగితే ఒంట్లోకి చేరే సోడియం తక్కువేమీ కాదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారికి అది ప్రమాదకరం. దీనికి తోడు నైట్రోఫ్యూరాంటాయిన్ ఆమ్ల మూత్రంలో చురుగ్గా పనిచేసే మందు. ఆ మాత్ర వేసుకుంటూ సోడా తాగేవారు ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కుంటున్నారన్న మాట. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారు క్రాన్‌బెర్రీ మొదలుపెట్టేముందు వైద్యునికి తప్పక చెప్పాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రకం రాళ్ళు ఏర్పడే తత్త్వం ఉన్నవారు క్రాన్‌బెర్రీ గుళికలను నెలల తరబడి వాడకపోవడం మంచిది. మూలికే కదా, చెప్పేదేముందిలే అనుకుని వైద్యుని దగ్గర దాచేవారిని రోజూ చూస్తుంటాను.

మల్లెతీగ (సోమవారం, రాత్రి 8.45)

ఔషధశాల గారు రాసినది చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండేళ్ళ క్రితం నాకు మంట మొదలైనప్పుడు, యాంటీబయాటిక్ వాడకూడదని పట్టుబట్టి ఉవా ఉర్సి మాత్రలు తెప్పించుకున్నాను. మొదటి మూడు రోజులు మంట తగ్గినట్టే ఉండటంతో గెలిచాననుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం కుడి పక్క, పక్కటెముకల కింద, ఎవరో మోచేత్తో పొడుస్తున్నట్టు నొప్పి మొదలైంది. పడుకున్న తీరు సరిగా లేదేమో అనుకున్నాను. రాత్రి పదకొండింటికి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా మంచం కిర్రుకిర్రుమని శబ్దం చేసేంతగా వణికాను. థర్మామీటరు 103 చూపించింది. ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి ఎక్కిందని చెప్పి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి నరం ద్వారా మందు ఎక్కించారు. ఆకు నాకు హాని చేసిందని అనను. ఆకును నమ్ముకుని నాలుగు రోజులు ఎదురుచూడటం మాత్రం హాని చేసింది.

చదువరి (సోమవారం, రాత్రి 9.30)

మల్లెతీగ గారికి జరిగినది అరుదే గాని వింత కాదు. జర్మనీలో 398 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో సగం మందికి ఉవా ఉర్సి, సగం మందికి ఫోస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఉవా ఉర్సి వర్గంలో యాంటీబయాటిక్ వాడకం సుమారు 64 శాతం తగ్గింది. అది మెచ్చుకోదగ్గ ఫలితమే. అయితే వారు పడిన బాధ ఎక్కువ, మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ ఎక్కినవారు ఎనిమిది మంది. ఫోస్ఫోమైసిన్ వర్గంలో అలాంటివారు ఇద్దరే. సెంటారీ, లోవేజ్, రోజ్‌మేరీ కలిపిన మూలికల మందును 659 మంది మీద ఫోస్ఫోమైసిన్‌తో పోల్చినప్పుడు, మూలికల వర్గంలో 83.5 శాతం మందికి అదనంగా యాంటీబయాటిక్ అవసరపడలేదు, రెండో వర్గంలో అది 89.8 శాతం. అక్కడ కూడా మూత్రపిండానికి ఎక్కినవారు ఐదుగురు, ఒకరు. ఆ పరీక్షకు ఖర్చు భరించింది మందు తయారుచేసిన సంస్థే. ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రతో మంట తగ్గించుకుంటూ వేచిచూసిన మరో జర్మనీ పరీక్షలో మూడింట రెండు వంతుల స్త్రీలు యాంటీబయాటిక్ లేకుండానే కోలుకున్నారు. అక్కడా మూత్రపిండానికి ఎక్కినవారు ఐబుప్రోఫెన్ వర్గంలో ఐదుగురు, యాంటీబయాటిక్ వర్గంలో ఒకరే.

ఈ అంకెలను నేను రెండు విధాలుగా చదువుతాను. ఆరోగ్యవంతురాలైన స్త్రీ, గర్భం లేనప్పుడు, వైద్యునికి చెప్పి, రెండు రోజులు వేచి చూడటం మూర్ఖత్వం కాదు. చెప్పకుండా, గడువు పెట్టుకోకుండా వేచి చూడటం మాత్రం జూదం. జ్వరం, చలి, వాంతులు, పక్కటెముకల కింద నొప్పి, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ గడువు అప్పటికే ముగిసినట్టు.

తీరికవేళ (సోమవారం, రాత్రి 10.15)

మా నాన్నగారికి 68 ఏళ్ళు. ఆయనకూ ఇదే మంట వస్తున్నది. ఆయనకు కూడా క్రాన్‌బెర్రీ ఇవ్వవచ్చునా?

ఔషధశాల (సోమవారం, రాత్రి 10.40)

ఇవ్వకండి అనడం కంటే, ముందు వైద్యునికి చూపించండి అంటాను. మగవారిలో, అందునా ఆ వయసులో, మూత్రంలో ఇన్ఫెక్షన్ వెనక ప్రోస్టేట్ గ్రంథి పెరగడమో, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడమో ఉండే అవకాశం ఎక్కువ. పిల్లలకు, గర్భవతులకు, మూత్రపు గొట్టం అమర్చి ఉన్నవారికి కూడా ఇంటి వైద్యంతో ప్రయోగాలు కూడదు.

సూక్ష్మదర్శిని (మంగళవారం, ఉదయం 7.50)

చర్చ అంతా చదివాను. నేను ల్యాబ్‌లో సూక్ష్మజీవుల విభాగంలో పనిచేస్తాను, అందుకే నా కన్ను వేరే చోట పడింది. ఆకు మేలా, మాత్ర మేలా అని మనం వాదిస్తున్నాం గాని, అక్కడ ఉన్న క్రిమి ఏదో ఇంతవరకు ఎవరికీ తెలియదు. క్రాన్‌బెర్రీ, డి-మానోస్ గురించిన వాదమంతా ఈ. కోలి చుట్టూ తిరుగుతున్నది. సాధారణ ఇన్ఫెక్షన్లలో నూటికి 75 నుంచి 80 వరకు దాని పనే కావడం వల్ల ఆ ఊహ తరచుగా నిజమే అవుతుంది. మిగిలిన 20, 25 మంది సంగతి ఏమిటి?

నిద్రలేనిరాత్రి గారూ, ఈ నాలుగుసార్లలో ఒక్కసారైనా యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి అది ఏదో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష చేయించారా? ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే తిరగబెట్టే ఇన్ఫెక్షన్ కింద లెక్క, అప్పుడు కల్చర్ తప్పనిసరి. మీ దగ్గర పాత రిపోర్టులు ఉంటే అందులోని అంకెలు యథాతథంగా ఇక్కడ రాయండి.

నిద్రలేనిరాత్రి (మంగళవారం, ఉదయం 9.05)

కల్చర్ ఒక్కసారి కూడా రాయలేదు, నేనూ అడగలేదు. మూడుసార్లూ పట్టీ ముంచి చూసే పరీక్ష మాత్రమే జరిగింది. చివరి రిపోర్టులో ఇలా ఉంది: పీహెచ్ 8.5, నైట్రైట్ (క్రిములు ఉన్నాయనే సూచన) పాజిటివ్, ల్యూకోసైట్లు (తెల్ల రక్తకణాలు) మూడు ప్లస్‌లు, రక్తం ఒక ప్లస్. దానికి ముందు రిపోర్టులో పీహెచ్ 8.0 అని ఉంది. ఇంకొక మాట, రాయడానికి మొహమాటంగా ఉన్నా రాస్తున్నాను. మూత్రం వాసన మామూలుగా లేదు, కళ్ళు మండేలా అమ్మోనియా ఘాటుతో ఉంటున్నది.

సూక్ష్మదర్శిని (మంగళవారం, ఉదయం 9.40)

మొహమాటపడకుండా రాసినందుకు సంతోషం, నాకు కావలసిన సంగతి అదే. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, అంకె పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ. మామూలు మూత్రపు పీహెచ్ 6 దరిదాపుల్లో ఉంటుంది. 8.5 అన్న అంకెకు మూడు కారణాలు ఉండవచ్చు. నమూనా ఇచ్చినప్పుడు మీరు వంటసోడా వాడుతున్నారా? నమూనాను ఇంటి దగ్గర పట్టి గంటల తరవాత ల్యాబ్‌కు చేర్చారా? ఎందుకంటే బయట నిలవ ఉన్న మూత్రం దానంతట అదే క్షారంగా మారుతుంది. ఈ రెండూ కాకపోతే మిగిలేది మూడోది.

నిద్రలేనిరాత్రి (మంగళవారం, ఉదయం 9.55)

సోడా తాగింది నిరుడు, అదీ రెండు రోజులే. నమూనా అక్కడికక్కడే ఇచ్చాను, నా ఎదుటే పట్టీ ముంచారు. మూడోది ఏమిటి?

సూక్ష్మదర్శిని (మంగళవారం, ఉదయం 10.30)

మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విడగొట్టే క్రిమి. వాటిలో తరచుగా కనిపించేది ప్రోటియస్ మిరాబిలిస్. ఇది అనుమానమే, కల్చర్ లేకుండా నిర్ధారణగా చెప్పడం తప్పు. అనుమానం నిజమైతే మాత్రం మీ ఏడు నెలల కథలో చాలా ముడులు విడిపోతాయి. ప్రోటియస్ మీద నైట్రోఫ్యూరాంటాయిన్ సహజంగానే పనిచేయదు, పుట్టుకతోనే దానికి ఆ మందును తట్టుకునే గుణం ఉంది. అంటే మీకు మూడుసార్లు తగ్గి మళ్ళీ వచ్చిందో, అసలు తగ్గనే లేదో ఆలోచించాలి. డి-మానోస్ కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే ఈ క్రిమి గోడను పట్టుకోవడానికి వాడే ముఖ్యమైన కేశాలు మానోస్‌తో నిమిత్తం లేనివి. పైగా క్షార మూత్రంలో మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి స్ట్రువైట్ అనే రాయిగా గడ్డకడతాయి. క్రిమి ఆ రాయి లోపల దాక్కుంటుంది, మందు ఆగగానే బయటికి వస్తుంది.

కనుక ఈ రోజే వైద్యుని కలిసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టేలోపే కల్చర్‌కు నమూనా ఇవ్వండి. మూత్రం కనీసం నాలుగు గంటలు లోపల ఉంటే మంచిది, మీ స్థితిలో అది కష్టమని తెలుసు, ఎంత ఆపగలిగితే అంత చాలు. శుభ్రం చేసుకున్నాక మొదటి ధారను వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలో సీసా పెట్టండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి, అవి పట్టీ మీద నైట్రైట్‌ను, రక్తాన్ని కనబడనివ్వవు. మూత్రపిండాల స్కానింగ్ కూడా అడగండి.

మలిసంధ్య (మంగళవారం, సాయంత్రం 4.20)

నాకు 58 ఏళ్ళు. ఈ చర్చ చదివే నా వయసు వారి కోసం ఒక మాట చేర్చనివ్వండి. ముట్లుడిగిన తరవాత నాకు ఏడాదికి ఆరుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చేది. క్రాన్‌బెర్రీకి పెట్టిన ఖర్చు లెక్క రాసుకోలేదు గాని, రాసుకుంటే సిగ్గుపడేదాన్ని. చివరికి ఒక వైద్యురాలు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఇచ్చారు. ఈస్ట్రోజెన్ తగ్గితే అక్కడి లాక్టోబాసిల్లస్ క్రిములు కూడా తగ్గిపోతాయట. అంటే చెట్టునీడ గారు చెప్పిన కాపలావారే. క్రీముతో వారు తిరిగి వచ్చారు. రెండేళ్ళుగా ఒక్కసారే వచ్చింది.

చదువరి (మంగళవారం, సాయంత్రం 5.10)

మలిసంధ్య గారు చెప్పినదానికి బలమైన ఆధారమే ఉంది. 1993లో ప్రచురితమైన పరీక్షలో ముట్లుడిగిన 93 మంది స్త్రీలలో ఈస్ట్రోజెన్ క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు, ఉత్తుత్తి క్రీము వాడినవారికి 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇంత తేడా చూపిన మూలిక నాకు కనబడలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు మాత్రం తమ వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు. యాంటీబయాటిక్ వాడలేక, మూలికలు సరిపోక మధ్యలో ఉన్నవారికి మెథనమైన్ అనే మరో దారి ఉంది. అది ఆమ్ల మూత్రంలో ఫార్మాల్డిహైడ్‌గా విడిపోయి క్రిములను అణుస్తుంది. 2022లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో, రోజూ చిన్న మోతాదు యాంటీబయాటిక్ వాడటంతో పోలిస్తే ఇది మరీ వెనకబడలేదు. నిద్రలేనిరాత్రి గారి మూత్రం ఇప్పుడు క్షారంగా ఉంది కనుక అది ప్రస్తుతానికి వారికి పనికిరాదు.

నిద్రలేనిరాత్రి (శనివారం, ఉదయం 11.30)

అందరికీ, ముఖ్యంగా సూక్ష్మదర్శిని గారికి, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కల్చర్ రిపోర్టు వచ్చింది: ప్రోటియస్ మిరాబిలిస్, మిల్లీలీటరుకు లక్షకు పైగా. కింద మందుల పట్టికలో నైట్రోఫ్యూరాంటాయిన్ పక్కన 'ఆర్' అని ఉంది, అంటే ఆ మందుకు లొంగదని అర్థమట. స్కానింగ్‌లో ఎడమ మూత్రపిండంలో 14 మిల్లీమీటర్ల రాయి కనబడింది. నడుములో నాకు నొప్పే లేదు, అది అక్కడ ఎన్నాళ్ళుగా కూర్చున్నదో! వేరే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, రెండో రోజుకు ఆ ఘాటు వాసన పోయింది. నిన్న రాత్రి ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. రాయిని తీసేయకపోతే ఇది మళ్ళీ వస్తుందని చెప్పి, పదిహేను రోజుల తరవాత లేజర్‌తో పగలగొట్టి తీయడానికి తేదీ ఇచ్చారు.

చెట్టునీడ (శనివారం, మధ్యాహ్నం 12.15)

చాలా సంతోషం. నిజం చెప్పాలంటే, నా మాట విని మీరు మరో మూడు నెలలు డి-మానోస్ పొడి కలుపుకుంటూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయం వేస్తున్నది. నా క్రాన్‌బెర్రీ నేను మానను. అయితే ఈసారి మంట వస్తే ముందు సీసా పట్టుకుని ల్యాబ్‌కు వెళతాను.

సూక్ష్మదర్శిని (శనివారం, మధ్యాహ్నం 1.00)

రక్తం కలిపిన పళ్ళెం మీద ప్రోటియస్‌ను పెంచితే అది ఒక చోట ఉండదు. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా వలయం తరవాత వలయంగా పళ్ళెమంతా పాకిపోతుంది. ఉదయం తలుపు తీయగానే వాసనతోనే పోల్చుకుంటాం. మీ నమూనా పెంచినవారు కూడా పేరు రాయకముందే గుర్తుపట్టి ఉంటారు.

నిద్రలేనిరాత్రి (శనివారం, మధ్యాహ్నం 1.25)

చివరిగా ఒక ప్రశ్న. రాయి తీసేశాక నివారణకు క్రాన్‌బెర్రీ మొదలుపెట్టవచ్చునా?

ఔషధశాల (శనివారం, మధ్యాహ్నం 2.10)

తొందరపడకండి. తీసిన ముక్కలను పారేయకుండా రసాయన విశ్లేషణకు పంపమని ముందే చెప్పి ఉంచండి. పూర్తిగా స్ట్రువైట్ అయితే ఒక దారి, లోపల ఆక్సలేట్ కూడా ఉంటే క్రాన్‌బెర్రీ గుళికలు మీకు సరిపడవు. ఆ కాగితం చేతికి వచ్చేదాకా నీళ్ళు తాగండి, మూత్రం లేత రంగులో ఉండేంతగా. యాంటీబయాటిక్ కోర్సు ముగిశాక మరోసారి కల్చర్ చేయించాలేమో మీ వైద్యుని అడగండి.

నిద్రలేనిరాత్రి (శనివారం, మధ్యాహ్నం 2.20)

అలాగేనండీ. విశ్లేషణ రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.